ఓటీపీ మేడమ్ ఫోన్‌కే వస్తుంది

మా మేడమ్ పోయారన్న కబురు నాకు అందేసరికి ఆవిడ పేరు నా ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఉంది. ఢిల్లీ నుంచి ఆన్‌లైన్ సమావేశం నడుస్తోంది. వైద్య పరిశోధనలకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుల నిబంధనలు మళ్ళీ మారాయి, ప్రాజెక్టులు నడిపేవాళ్ళంతా విని తీరాలని ముందే మెయిలు పెట్టారు. నేను శామీర్‌పేట దగ్గర మా ల్యాబులో కూర్చుని వింటున్నాను. మేడమ్ ఆ వేళ మేడ్చల్‌లో ఇంటి నుంచే చేరారు. అందరూ కెమెరాలు ఆపేసుకున్నారు. తెర నిండా నల్లటి గడులు, వాటి మీద పేర్లు. ఆవిడ గడి నా గడికి ఆనుకునే ఉంది.

ఎవరో పెద్దాయన ఏ ఖర్చు ఏ పద్దు కింద చూపాలో వివరిస్తుండగా నా ఫోన్ మోగింది. మేడమ్ భర్త. నాకు ఎప్పుడూ ఫోన్ చేసే మనిషి కాదు.

“బిడ్డా, మీ మీటింగు ఇంక నడుస్తాందా?” అన్నారు.

నడుస్తోంది బాబాయిగారూ, ఇప్పట్లో వదిలేలా లేరు అన్నాను.

“మీ మేడం కుర్చీలనే కూసున్నది. చాయ్ పట్టుకొచ్చిన. పిలిస్తే పలుకుతలేదు.”

నేను తెర వైపు చూశాను. ఆవిడ గడి అక్కడే ఉంది, పేరు అక్కడే ఉంది, మైకు ఆపి ఉన్న గుర్తూ ఉంది. పిచ్చిదానిలా ‘మేడమ్, ఉన్నారా’ అని పక్కనున్న చాట్‌లో కొట్టాను. తర్వాత ఎలా లేచానో, అంబులెన్సు వాళ్ళకు ఏం చెప్పానో, ఆటోలో మేడ్చల్ ఎలా చేరానో సరిగా గుర్తు లేదు. నేను వెళ్ళేసరికి అంబులెన్సు వాళ్ళు చూసేసి, గుండె ఆగి చాలాసేపయిందని చెప్పి పక్కకు తప్పుకున్నారు. ముందుగది నిండా ఇరుగుపొరుగు. ఆ ఏడుపుల మధ్య బల్ల మీద ల్యాప్‌టాప్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో బాబాయిగారికి తెలియదు, మిగతావాళ్ళకు చెయ్యి రాలేదు. ఎవరికైనా సందేహాలుంటే అడగొచ్చని ఢిల్లీ ఆయన అంటున్నాడు. నేనే వెళ్ళి మూత వేశాను.

కొన్నాళ్ళకు ఆవిడ పేరు మీద మా ల్యాబు మెయిలుకు ఒక సర్టిఫికెట్ వచ్చింది. సమావేశానికి మొదటి నుంచి చివరిదాకా హాజరైనందుకు. నాకు రాలేదు. నేను మధ్యలో లేచిపోయాను కదా.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. మీలో ఎవరూ ఆవిడ పేరు విని ఉండరు. నేనూ ఇక్కడ రాయను. మా ల్యాబులో రోగుల పేర్లు పలకకూడదు, నంబర్లే పలకాలి. అది ఆవిడ పెట్టిన కట్టడి. తన పేరు పత్రికలో చూస్తే, నాకు మాత్రం నంబరు లేదా ఏంది అని నన్ను కసురుకునేవారు.

ఆవిడ ఉద్యోగ జీవితమంతా ఒక్కటే ప్రశ్న. క్షయ వచ్చి, మందులన్నీ వాడి, తగ్గిపోయిందని ఇంటికి పంపించిన వాళ్ళలో కొందరికి మళ్ళీ ఎందుకు తిరగబెడుతుంది? శామీర్‌పేట, అలియాబాద్, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో జబ్బు తగ్గినవాళ్ళను వెతికి పట్టుకుని, మూడు నెలలకో విడత వాళ్ళ నెత్తురూ కఫమూ తెచ్చి పరీక్ష చేసేవాళ్ళం. కొంత ఫ్రీజర్లో దాచేవాళ్ళం. విడత తప్పకూడదు. ఒక్కసారి తప్పితే, ఆ మనిషి ఒంట్లో మార్పు ఎప్పుడు మొదలైందో ఇక ఎవరూ చెప్పలేరు, ఇన్నేళ్ళుగా వాళ్ళిచ్చిన నెత్తురు వృథా.

ఇంత పనీ నడిచేది ప్రభుత్వం గ్రాంటు మీద. గ్రాంటు నడిచేది సర్క్యులర్ల మీద. అవి మాకు వానల్లా పడేవి. నేనైతే చూడగానే ఒళ్ళు మండి పక్కన పెట్టేసే రకం. ఆవిడ పద్ధతి వేరు. కొత్త సర్క్యులర్ వచ్చిందంటే ఆ వేళ భోజనాలయ్యాక అందర్నీ జనరేటర్ గది మెట్ల మీద కూర్చోబెట్టేవారు. టెక్నీషియన్లు, డ్రైవరు, ఊడ్చే ఆవిడ, ఊళ్ళు తిరిగి నెత్తురు తెచ్చే మా ఫీల్డు నర్సు రూతమ్మ, నేను, అందరం. కళ్ళజోడు ముక్కు మీదికి దించి ఒక ఇంగ్లీషు వాక్యం చదివి, కాగితం పక్కకు వంచి, “అంటే ఏందంటే” అని మొదలుపెట్టేవారు. ఆ ‘అంటే ఏందంటే’ తర్వాత ఎంత ముదురు నిబంధన అయినా మెత్తబడి కిందికి దిగేది. ఈ ఏడు ఖర్చు కాని డబ్బు మార్చి ఆఖరుకు వెనక్కి పోతుంది. ఏది కొన్నా ప్రభుత్వ పోర్టల్లోనే కొనాలి. ప్రాజెక్టు ఉద్యోగికి ఇన్నేళ్ళకు మించి పొడిగింపు లేదు. అన్నీ చదివాక, కాగితం మడిచి, ఒక్కొక్కరినీ అడిగేవారు, “దీంతోటి నీకేమైతది?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎవరూ లేవకూడదు. మొదట్లో నాకు ఇదంతా కాలయాపన అనిపించేది. ఊడ్చే ఆవిడకు ఢిల్లీ సర్క్యులర్‌తో ఏం పని అని నా ఉద్దేశం. ఓసారి అద్దె వాహనాల ఖర్చు తగ్గించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. రూతమ్మ వంతు వచ్చినప్పుడు, ఈ దారిన వచ్చే కరీంనగర్ బస్సులో నెత్తురు పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎట్లా రావాలి, కండక్టరు ఎక్కనిస్తాడా అని అడిగింది. అందరం నవ్వాం. మేడమ్ నవ్వలేదు. ఆ సాయంత్రమే కూర్చుని, బస్సు సంగతి, కండక్టరు సంగతి, ఎండాకాలంలో ఐసు ఎంతసేపు ఆగుతుందన్న సంగతి ఢిల్లీకి రాశారు. చాన్నాళ్ళకు ‘నోట్ చేసుకున్నాం’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. నేను చిందులు తొక్కాను, చూశారా ఎంత నిర్లక్ష్యమో అని.

“నోట్ చేసుకున్నరు గద, ఇగ చాలు. ఆ నోట్ చేసుకున్నోడు ఇయ్యాల కాకుంటే రేపు బస్సెక్కుతడు” అన్నారు మేడమ్.

నా కోపం చూస్తే ఆవిడకు మహా సరదా. మాది కాకినాడ వైపు. పెళ్ళయ్యాక మేడ్చల్లో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కొనుక్కుని ఇక్కడివాళ్ళమైపోయాం. మీ ఇంట్లో కూరల్లో కారం జర తక్కువ వేయమని మీ అత్తకు చెప్తాను అనేవారు ఆవిడ, నేను ఎవరి మీదైనా విరుచుకుపడ్డప్పుడు. ఏదైనా రూలు మీద నేను మండిపడితే మాత్రం సరదాగా తీసుకునేవారు కాదు. “రూలు మారిందంటే యాడనో ఎవడో తప్పు జేసిండని లెక్క. గా తప్పు మన దగ్గర లేదని సూసుకోవాలె. ఊకె మొత్తుకుంటే ఏమొస్తది?” ఇది నేను ఎన్నిసార్లు విన్నానో.

చిన్న చిన్న అలవాట్లు గుర్తొస్తున్నాయి. టిఫిన్ డబ్బా మూత మీద మార్కరుతో తేదీ, లోపలేముందో, ఎవరిదో రాసుకునేవారు, నమూనా ట్యూబుల మీద రాసినట్టే. సాయంత్రం ఇంటికి పోతూ శామీర్‌పేట చెరువు గట్టున కారాపించి కాల్చిన మొక్కజొన్న కొనేవారు. ఒకటి తనకు, ఒకటి పొట్టు తీయకుండా కాగితంలో చుట్టి బాబాయిగారికి. ఆయన జీడిమెట్లలో ఏదో ఇంజనీరింగ్ కంపెనీలో ఫిట్టరుగా చేసి మానేశారు. నేను ఆయన్ని బాబాయిగారూ అంటే మొదట్లో ఆయనకు ఇబ్బందిగా ఉండేది, మాటలు తక్కువ మనిషి. మీ మేడమ్ ఏం చేస్తారు బాబాయిగారూ అని నేనోసారి ఆటపట్టించడానికి అడిగితే, ల్యాబుకు పోతది, వస్తది అన్నారు. మేడమ్ పక్కనే ఉండి నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ళ కిందట గ్రాంటుల పోర్టల్‌కు కొత్త నిబంధన వచ్చింది. ప్రాజెక్టు పెద్దను మా వాడుకలో పీఐ అంటారు. ఏ కాగితం పంపినా, జీతాల పట్టీ అయినా, ఐసు పెట్టెల బిల్లయినా, చివర్లో పీఐ సొంత ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. అది కొడితేనే కాగితం ఢిల్లీ వెళ్తుంది. పీఐ స్వయంగా చూస్తున్నారని రుజువన్నమాట. మా ప్రాంగణంలో పీఐలందరూ ఏకగ్రీవంగా ఒక పని చేశారు. సెక్షన్లో గుమాస్తా నంబరు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. అందరి ఓటీపీలూ ఆ ఒక్కడి జేబులో మోగేవి. మా మేడమ్ మాత్రం మెట్ల మీద కూర్చుని ఆ సర్క్యులరూ చదివారు.

“పీఐ సొంత నంబరు అని రాసిన్రు. నేనే గద పీఐ” అన్నారు.

నేను పోట్లాడాను. మీరు ఊళ్ళలో ఉంటే, సిగ్నల్ లేకపోతే, సెలవులో ఉంటే పని ఆగిపోదా అన్నాను. ఆగితే ఆగనియ్యి అన్నారు. తన ఫోన్ నంబరు ఇచ్చారు. మెసేజ్ వస్తే వినిపించేలా గంట గట్టిగా పెట్టుకున్నారు. మా సంస్థ మొత్తంలో ఆ రూలు పాటించింది ఆవిడ ఒక్కరే. అలా పాటించినందుకే ఆవిడ పోయాక మేం ఇరుక్కుపోయాం.

నేను ప్రాజెక్టులో ఆవిడ తర్వాతి మనిషిని. నా లాగిన్‌తో అన్నీ నింపగలను. చివర్లో ‘పంపు’ అని నొక్కితే ఓటీపీ మాత్రం ఆవిడ ఫోన్‌కే పోతుంది. సరే, పీఐని మార్చమని అడుగుదాం అని ఆ పేజీ తెరిచాను. ఎందుకు మారుస్తున్నారు అన్నచోట కారణాల పట్టీ ఉంది. పదవీ విరమణ, బదిలీ, రాజీనామా, ఇతరములు. చావు లేదు. నేను ఆ పట్టీని కిందికీ పైకీ లాగుతూ చాలాసేపు కూర్చున్నాను. మా ఆఫీసు వాళ్ళు డెత్ సర్టిఫికెట్ జతచేసి ఢిల్లీకి ఉత్తరం రాశారు. పరిశీలిస్తాం, ఈలోగా పోర్టల్లో దరఖాస్తు చేయండి అని జవాబు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఒక మర్యాదస్తుడైన కుర్రాడు దొరికాడు. ఇతరములు అని పెట్టండి మేడమ్, ప్రస్తుత పీఐ తన ఓటీపీతో ధ్రువీకరిస్తే సరిపోతుంది అన్నాడు.

ఆవిడ చనిపోయారు బాబూ అన్నాను. అర్థమైంది మేడమ్, వారి ఫోన్ ఎవరి దగ్గరైనా ఉందా అన్నాడు.

 ఈ ముక్క రాసివ్వగలరా అన్నాను. రాసిచ్చారు కూడా. చనిపోయిన మనిషి ఓటీపీ తీసుకోవచ్చని ఒక ప్రభుత్వ మెయిలు నా దగ్గర భద్రంగా ఉంది.

అయితే పీఐ మార్పు అప్పటికప్పుడు తేలేది కాదు. ముందు పాత లెక్కలన్నీ ఒక్కొక్కటే పంపి సరి అనిపించుకోవాలి, ఆ తర్వాతే దరఖాస్తు తీసుకుంటుంది పోర్టల్. రూతమ్మ జీతం, డ్రైవరు జీతం, విడత నివేదిక, ఐసు. ప్రతిదానికీ ఓటీపీ. అంటే ప్రతిదానికీ నేను బాబాయిగారికి ఫోన్ చేయాలి. మొదటిసారి చేసేనాటికి దినాలు ఇంకా కాలేదు. విషయం చెప్పాను. సరే బిడ్డా పంపు అన్నారు. నేను ఇటు కంప్యూటర్లో నొక్కాను. అటు ఆయన ఫోన్లోంచి, ఆ ఇంట్లో ఎక్కడో, మేడమ్ ఫోన్ గంట వినిపించింది. మా ల్యాబులో ఆ గంట అందరికీ తెలుసు. ఆవిడ కారిడార్లో వస్తున్నారని మాకు తెలిసేది దానితోనే. నేను తలుపు వైపు తిరిగి చూశాను. సిగ్గు లేకుండా చెప్తున్నా, తిరిగి చూశాను.

ఆయన కళ్ళజోడు వెతుక్కునేసరికి ఆ ఓటీపీ గడువు దాటిపోయింది. రెండోది పంపాను. ఒక్కో అంకె విడగొట్టి, తప్పు చదివితే ఏదో కూలిపోతుందన్నట్టు చదివారు. పని అయింది. పెట్టేస్తుంటే అడిగారు, “గిది దేనికి బిడ్డా?”

రూతమ్మ జీతానికి అన్నాను. రూతమ్మ ఎవరు అన్నారు. చెప్పాను. అలియాబాద్‌లో ఉంటుంది, ఆదివారం చర్చి అయ్యాకే మాకు దొరుకుతుంది, ఊళ్ళన్నీ ఆవిడకు చేతిగీతల్లా తెలుసు అన్నాను. ఆమె పేరు మీ మేడం నోటెంట ఎన్నడు వినలె అన్నారాయన. మళ్ళీసారి విడత నివేదికకు ఓటీపీ తీసుకున్నప్పుడు విడత అంటే ఏమిటో చెప్పించుకున్నారు. ఆ తర్వాత తిరగబెట్టడం గురించి. ఆ తర్వాత ఫ్రీజర్ గురించి. ట్యూబుల మీద రాత ఎవరిది అని అడిగారు. సగం ఆవిడదే బాబాయిగారూ అన్నాను.

ఓ పెద్దమనిషి సంగతి చెప్పాను, పేరు చెప్పకుండా. అలియాబాద్ నుంచి శామీర్‌పేటకు ఆటో నడుపుతాడు. జబ్బు తగ్గి ఏళ్ళయింది, ఆటో అమ్మనంటాడు, ప్రతి విడతకూ మొదట వచ్చేది ఆయనే. మేడమ్‌ను చూస్తే, ఎన్నిసార్లు పీలుస్తరు డాక్టరమ్మా నా నెత్తురు, దోమ నయం అని దెప్పేవాడు. బాబాయిగారు ఫక్కున నవ్వారు. ఆవిడ పోయాక నేను విన్న మొదటి నవ్వు. అప్పటినుంచి ప్రతిసారీ ఆ ఆటో పెద్దమనిషి గురించే అడిగేవారు. గా ఆటో ఆయనకు మంచిగున్నదా? ఆటో నడుస్తాందా?

ఒకటి రెండుసార్లు తనే ఫోన్ చేశారు. ఇయ్యాల ఏం పంపవా అని. పంపేదేమీ లేదని చెప్తే సరే సరే అని పెట్టేశారు. నాకు పనుల ఒత్తిడి, ఆ ‘సరే సరే’ను పట్టించుకోలేదు.

మార్చి దగ్గరపడింది. పాత లెక్కలన్నీ పూర్తయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే, పీఐ మార్పు దరఖాస్తు. మార్చి దాటితే పీఐ లేని ప్రాజెక్టు కింద మూసేస్తారు. ఏప్రిల్ విడత ఉండదు, రూతమ్మకు ఉద్యోగం ఉండదు, ఫ్రీజర్లో ఉన్నదాన్ని ఏం చేయాలో కొత్త సర్క్యులర్ వస్తుంది. నేను బాబాయిగారికి ఫోన్ చేసి, ఇదే ఆఖరుది, దీంతో మీకు నా బాధ తప్పుతుంది అన్నాను. నొక్కాను. అటు గంట వినిపించింది.

“రాలేదు బిడ్డా” అన్నారు.

గంట మోగింది కదా బాబాయిగారూ అన్నాను. అది వేరేదేమో అన్నారు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మోగింది. రాలేదు అన్నారు. మరీ ఎక్కువసార్లు అడిగేసరికి పోర్టల్ తాళం వేసుకుని, మర్నాడు రమ్మంది. మర్నాడూ అదే వరస. తల ప్రాణం తోకకొచ్చింది. రూతమ్మ మధ్యలో వచ్చి, ఆటో పెద్దమనిషికి సాయంత్రం పూట మళ్ళీ జ్వరం వస్తోందని, బరువు తగ్గాడని చెప్పి వెళ్ళింది. నేను పని సగంలో వదిలేసి మేడ్చల్ బయల్దేరాను. దారి పొడుగునా ఏమేం అనాలో పేర్చుకుంటూనే ఉన్నాను.

తలుపు తీసే ఉంది. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాకా వచ్చింది. బల్ల మీద మేడమ్ ఫోన్ చార్జింగుకు పెట్టి ఉంది, తెర తుడిచి మెరిపించినట్టుంది. ఆవిడ కుర్చీ అక్కడే ఉంది. దాంట్లో ఎవరూ కూర్చోవడం లేదని చూడగానే తెలుస్తోంది. బాబాయిగారు నాకు వేరే కుర్చీ వేసి, ఫోన్ తీసి నా చేతికిచ్చారు. ఓటీపీలు ఒకదాని కింద ఒకటి, అన్నీ తెరిచి చదివినవే.

“వచ్చినయి బిడ్డా. అన్ని వచ్చినయి. నేనే చెప్పలె” అన్నారు.

నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఎందుకు బాబాయిగారూ అన్నాను.

ఆయన నేల చూపులు చూస్తూ చెప్పారు. “గిన్నేండ్లు ఆమె ఏం జేస్తదో నేను అడగలె. ఆమె చెప్పలె. నాకెట్ల తెలుస్తదనుకున్నదో, నాకెందుకులే అనుకున్ననో. గీ నంబర్లు సదువుకుంటనే తెలిసింది నాకు. రూతమ్మ తెలిసింది, ఫ్రీజర్ తెలిసింది. గిది చెప్తే ఇగ అయిపోతది గద. ఇంక మస్తుంటది బిడ్డా తెలుసుకునేది.”

నేను ఏడ్చాను. ఆయన ముందు ఏడవకూడదని గట్టిగా అనుకుని వెళ్ళిన మనిషినే, ఏడ్చేశాను. మీరు ఎప్పుడడిగినా చెప్తాను, ల్యాబుకు రండి, అన్నీ చూపిస్తాను అన్నాను. ఆయన తల ఊపారు గానీ, ఆ మాట నమ్మినట్టు లేదు. నాకు తీరుబడి ఉండదని ఆయనకు తెలుసు. తీరుబడి లేని ఆడమనిషితో కాపురం చేసిన మనిషి ఆయన.

 తర్వాత ఆయనే అడిగారు, “గా ఆటో ఆయనకు ఎట్లున్నది?”

అబద్ధం చెప్పాలనిపించలేదు. మళ్ళీ జ్వరం వస్తోంది బాబాయిగారూ, తిరగబెట్టిందేమో అని రూతమ్మ భయపడుతోంది అన్నాను. ఇలాంటివాళ్ళ కోసమే కదా మేడమ్ ఇన్నాళ్ళు కాచుకున్నది, ఏ విడతలో ఏం మారిందో ఇప్పుడు పోల్చి చూస్తే తెలుస్తుంది అన్నాను. ఈ విడత జరక్కపోతే తెలియదు అని మాత్రం అనలేదు. అనక్కర్లేకపోయింది.

బాబాయిగారు లేచి కళ్ళజోడు తెచ్చుకుని, చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “పంపు బిడ్డా” అన్నారు.

నేను నా ఫోన్లోనే పోర్టల్ తెరిచి నొక్కాను. మా ఇద్దరి మధ్య బల్ల మీద ఆ ఫోన్ గంట కొట్టింది. నేను పక్కనే ఉన్నా, చూడగలిగేంత దగ్గరున్నా, ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఎక్కడో దూరానున్న మనిషికి వినిపించేలా, ఒక్కో అంకె గట్టిగా చదివారు. నేను కొట్టాను. దరఖాస్తు వెళ్ళిపోయింది. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, నా వైపు చూడకుండా జాగ్రత్తగా పో అన్నారు.

కొద్ది రోజులకు నేను, రూతమ్మ విడతకు పెట్టెలు సర్దుతున్నాం. నా ఫోన్ మోగింది. తెర మీద ‘మేడమ్’ అని పేరు, ఆవిడ ఫోటో. రూతమ్మ ప్రభువా అని రెండడుగులు వెనక్కి వేసింది. నా చేతులకు తొడుగులున్నాయి, తీయాలని తోచలేదు. మోచేత్తో నొక్కి, వంగి దానికి చెవి ఆనించాను.

అటు ఊపిరి వినిపించింది. ఆ ఊపిరి ఎవరిదో తెలిసేదాకా నా ఊపిరి ఆడలేదు. బాబాయిగారే. గీ ఫోన్‌కే మెసేజ్ వచ్చింది గద, దీంట్లకెళ్ళే చేసిన అన్నారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని పక్కింటి వాళ్ళతో చదివించుకున్నారట. మీరు కోరిన ప్రకారం ప్రాజెక్టు బాధ్యతల నుంచి మిమ్మల్ని తప్పిస్తున్నాం, ఇన్నాళ్ళ మీ సేవలకు ధన్యవాదాలు, అని ఉందట.

“నీ పని అయిపోయింది, ఇగ నువ్వు పోవచ్చు అని రాసిన్రు బిడ్డా. మంచిగనే రాసిన్రు” అన్నారు.

అవును బాబాయిగారూ అన్నాను.  ఆయన పెట్టేయలేదు. రూతమ్మ పెట్టెలో ఐసు వేయడం ఆపి నన్నే చూస్తోంది.

“ఇగ గీ ఫోన్ మోగది గద” అన్నారు ఆయన.

మోగదు బాబాయిగారూ, ఇక నా ఫోన్‌కే వస్తాయి అన్నాను.

ఆయన అన్నారు, “అయితే నువ్వే అప్పుడప్పుడు కొట్టు బిడ్డా. నేనైతే ఎత్త. ఊకె మోగనియ్యి.”

విడత జరిగింది. ఆటో పెద్దమనిషి నెత్తురు మొదటి పెట్టెలోనే వచ్చింది. ఆయనకు తిరగబెట్టిందని తేలింది, పెద్దాసుపత్రిలో మందులు మళ్ళీ మొదలయ్యాయి. ఎప్పటి నుంచి మారిందో పాత ట్యూబులతో పోల్చి చూస్తున్నాం. ఇంకా చెప్పడానికి లేదు. ప్రాజెక్టు పెద్ద అన్నచోట ఇప్పుడు నా పేరుంది, ఓటీపీలు నా జేబులో మోగుతున్నాయి.

మధ్యాహ్నం చేతిలో పని లేనప్పుడు ఆ నంబరుకు కొడుతుంటాను. మేడ్చల్లో ఆ ఇంట్లో అది మోగుతుంది. ఆయన ఏ గదిలో ఉంటారో, వంట చేసుకుంటుంటారో, పడుకుని వింటుంటారో నాకు తెలియదు, అడగను కూడా. అనుకున్నట్టే ఆయన ఎత్తరు. దానంతట అది ఆగిపోయేదాకా మోగనిస్తాను. ఆ ఆఖరి మోతల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది, అటువైపు ఎవరైనా ఎత్తుతారేమోనని.